పేరు తేలని మొక్కే మేలు

మీ ఇంట్లో పేరు తెలియని మొక్క మొలిచిందా? పీకేయకండి, మీ దశ తిరిగింది!

పేరు తెలిసిన మొక్కతో మనిషికి ఒరిగేదేమిటో చెప్పండి. కరివేపాకు ఉంది. కూరలో వేస్తారు, తినేటప్పుడు కంచం అంచుకు నెట్టేస్తారు. దాని గురించి మీరు ఎవరితోనైనా గంటసేపు పోట్లాడారా? లేదు కదా. పేరు తేలిపోయిన మొక్క గురించి ఎవరూ నోరెత్తరు. అదే పేరు తేలని మొక్కను ఫొటో తీసి, ఏదైనా ఆన్‌లైన్ మొక్కల గ్రూపులో పెట్టి చూడండి. ఆదిలాబాద్ నుంచి అనంతపురం దాకా మీకు చుట్టాలు పుట్టుకొస్తారు!

గిట్టనివాళ్ళు కొందరున్నారు. గ్రూపులో అడిగితే ఒక్క పేరుకు బదులు నలభై పేర్లు వస్తాయని సణుగుతుంటారు. అయ్యో పాపం! నలభై వస్తుంటే ఒక్కటి చాలనేవాళ్ళను ఏమనాలి? పెళ్ళిభోజనానికి వెళ్ళి పెరుగన్నం చాలనే రకం వీళ్ళు.

నమ్మకం కుదరకపోతే నాంపల్లి ప్రేమలీల సంగతి వినండి.

ప్రేమలీల లక్డీకాపూల్‌లో ఒక సర్కారీ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. పుట్టిల్లు మెదక్ దగ్గర. భర్త ఆనంద్ పాల్‌కు అబిడ్స్‌లో కళ్ళద్దాల దుకాణం ఉంది. నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో రెండో అంతస్తులో కిరాయికి ఉంటారు. ఆ ఇంటి పిట్టగోడ మీద ఒక పాత పెయింటు డబ్బా, అందులో ఇంత మట్టి. ప్రేమలీల అందులో ధనియాలు నలిపి చల్లింది. కొత్తిమీర రాలేదు. మరేదో వచ్చింది.

ఏం వచ్చిందో ఆమెకు తెలియలేదు. ఆకు అంచులు రంపంలా ఉన్నాయి. కాండం బీట్‌రూట్ నీళ్ళలో ముంచి తీసినట్టు ఉంది. ఆకు నలిపితే ఇంగువ కాదు, జామాకు కాదు, కానీ రెండూ గుర్తొస్తున్నాయి. చిన్నప్పుడు ఎక్కడో చూసినట్టే ఉంది, పేరు మాత్రం నాలుక చివర దాకా వచ్చి వెనక్కి పోతోంది. ముందు మొబైల్‌లో మొక్కలు గుర్తుపట్టే యాప్‌ను అడిగింది. పొద్దున్న అది ఆలుగడ్డ అంది. మధ్యాహ్నం ఎండలో గులాబీ అంది. రాత్రి లైటు వేసి తీస్తే, ఫొటోలో పడిన ఆనంద్ పాల్ బొటనవేలు చూసి అల్లం అంది.

ఇక లాభం లేదని ప్రేమలీల "మన మొక్కలు, మన పేర్లు" అనే గ్రూపులో చేరి ఫొటో పెట్టింది. "ఇదేం మొక్కనో జర చెప్పండి. నాంపల్లిల మొలిచింది" అని రాసింది.

రెప్పపాటులో మొదటి జవాబు వచ్చింది: "ఫాలోయింగ్." రెండోది: "నాకూ కావాలి, విత్తనాలు పంపగలరా?" పేరు తెలియని మొక్క విత్తనాలు అడిగే ఈ తెగింపు మీకు ఇంకెక్కడైనా దొరుకుతుందా?

అంతలో గ్రూపు అడ్మిన్ వైశాలి వచ్చింది. వైశాలి రామకోటిలో ఫ్లాటులో ఉంటుంది. మొక్కల విషయంలో ఆమె పోలీసు స్టేషన్ కంటే కచ్చితం. "ఆకు ముందు భాగం, ఆకు వెనక భాగం, కాండం, కణుపు విడివిడిగా ఫొటోలు పెట్టండి. పక్కన స్కేలు ఉండాలి. లేకపోతే పోస్టు తీసేస్తాను" అంది.

ఆకు వెనక భాగం ఫొటో తీయడమంటే మాటలా? ప్రేమలీల పిట్టగోడ పక్కన చాప పరుచుకొని వెల్లకిలా పడుకుంది. ఆనంద్ పాల్ దుకాణం నుంచి పెద్ద భూతద్దం తెచ్చి ఆకుకు అడ్డం పట్టుకున్నాడు. ఎదురు బిల్డింగువాళ్ళు దవాఖానకు ఫోన్ చేయాలా వద్దా అని ఒకరినొకరు అడిగారు. లోపల పప్పు మాడింది. మాడితే మాడింది, ఇన్నేళ్ళ కాపురంలో ఆ ఇద్దరూ కలిసి ఒక్క పని మీద అంతసేపు కూర్చోవడం అదే మొదలు. ఇదంతా గ్రూపు చలవ కాదంటారా?

ఇక పేర్లు మొదలయ్యాయి. వరంగల్ ఆయన కుక్కతులసి అన్నాడు. పాలమూరు ఆయన గాడిదగడప అన్నాడు. గుంటూరు ఆవిడ ఎలుకచెవి అని తేల్చేసింది. ఇంకొకరు కాకిదొండ అన్నారు, మరొకరు ఏనుగుపల్లేరు అన్నారు. సాయంత్రానికల్లా ప్రేమలీల పెయింటు డబ్బా చుట్టూ జూపార్కు లేచింది.

"మా దిక్కు దీన్ని గాడిదగడపనే అంటరు."

"మీ దిక్కు తప్పు అంటరు."

చూశారా! ఒక జిల్లా జిల్లా అంతా తప్పు పలుకుతోందని ఇంట్లో కూర్చుని తీర్పు చెప్పే ధైర్యం మన పెద్దలకు ఉండేదా? పాపం, వాళ్ళు పక్క ఊరికి పోతే అక్కడివాళ్ళు ఏ పేరంటే ఆ పేరే అనుకొని, ఆ కూరే తిని వచ్చేవాళ్ళు. అంత వెనకబడిన కాలం అది.

మధ్యలో ఒకాయన రెండు లాటిన్ మాటలు రాసిపెట్టి వెళ్ళిపోయాడు. గ్రూపంతా గప్‌చుప్. లాటిన్ ముందు కుక్క, గాడిద, ఏనుగు అన్నీ తోక ముడిచాయి. కానీ ఎంతసేపు? ఇంకొకాయన వేరే రెండు లాటిన్ మాటలతో దిగాడు. లాటిన్‌కు లాటిన్ తగిలాక మిగతావాళ్ళకు మళ్ళీ ఊపిరి వచ్చింది.

వీళ్ళందరికీ పైన ఇంద్రసేన అని ఒకాయన ఉన్నాడు. సుల్తాన్ బజార్‌లో తాతల నాటి బట్టల దుకాణం ఆయనది. ఏ మొక్క ఫొటో కనబడినా అది దేనికి మందో చెప్పందే ఆయనకు గల్లా ముందు కూర్చోబుద్ధి కాదు. "అమ్మా, గిది కుక్కతులసే. బేఫికర్‌గ ఉండున్రి. మోకాళ్ళకు మంచిది, షుగర్‌కు మంచిది, జుట్టుకు మంచిది" అని రాశాడు. మొండి కిరాయిదారును ఖాళీ చేయించడానికి ఏ ఆకు నూరాలో మాత్రం చెప్పలేదు. బహుశా అది పూత వచ్చాక తెలుస్తుందేమో.

ఇదంతా ఇలా సాగుతుండగా కోత పండుగ దగ్గర పడింది.

తెలియనివారి కోసం చెబుతున్నాను. చర్చిలో ఏటా కోత పండుగ చేస్తారు. ఎవరి పంటలో మొదటి ఫలం వాళ్ళు తెచ్చి దేవునికి ఇస్తారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేసి, వచ్చింది సంఘం పనులకు వాడతారు. ప్రేమలీల వాళ్ళ చర్చి అబిడ్స్‌లో. అక్కడ పంటేమిటని అడక్కండి. శనివారం సాయంత్రం మొజంజాహి మార్కెట్‌లో కొన్న గుమ్మడికాయ ఆదివారం పొద్దున్నకు మొదటి ఫలం అయిపోతుంది. దేవుడు అన్నీ ఎరుగును కాబట్టి ఎవరూ ప్రత్యేకంగా చెప్పరు.

ఈ వేలంలో రాణి ఎవరంటే, ఆనంద్ పాల్ చెల్లెలు కృపాజ్యోతి. ఆమె ప్లమ్ కేకు బల్ల మీదికి రాగానే సంఘమంతా బెంచీల అంచులకు జరుగుతుంది. చేతుల మీద చేతులు లేస్తాయి. మరి ప్రేమలీల వస్తువో? ఒక ఏడు పుంటికూర తొక్కు, అదే గోంగూర పచ్చడి, తెచ్చింది. ఒక ఏడు గులాబీ పువ్వుల పిండివంట చేసి తెచ్చింది. ఒక ఏడు చేత్తో అల్లిన టేబుల్ క్లాతు. వేలం పాడించే సంఘం స్టువార్డు కరుణాకర్ గొంతు చించుకున్నా చెయ్యి లేవదు. అందరూ ఒక్కసారిగా ఫ్యాన్ల వైపు చూస్తారు. ఎవరో దగ్గుతారు. అప్పుడు ఆనంద్ పాల్ మెల్లగా చెయ్యి ఎత్తుతాడు. తన పెళ్ళాం తొక్కు తానే పాడుకొని, తన సంచిలోనే పెట్టుకొని, తన ఇంటికే తెచ్చుకుంటాడు. ఏళ్ళ తరబడి ఇదే వరస. ఆనంద్ పాల్ చెయ్యి లేస్తేనే ఆ వస్తువు అయిపోయినట్టు లెక్క అని చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఆ దగ్గు వినబడ్డ ప్రతిసారీ ప్రేమలీల ప్రాణం చివుక్కుమనేది.

ఈసారి పండుగకు ముందు కృపాజ్యోతి ఫోన్ చేసింది. "వదినా, ఈసారి ఏం తెస్తున్నవ్? పాపం, అన్నయ్యకు జర తక్కువల పోయేటట్టు సూడు!" అని పకపకా నవ్వింది.

ప్రేమలీలకు నవ్వు రాలేదు. ఒళ్ళు మండింది. ఫోన్ పెట్టేసి నేరుగా భర్త దగ్గరికి వెళ్ళింది.

"ఏమండి, ఈసారి నా వస్తువు మీరు పాడొద్దు."

"మరి ఎవ్వరు పాడకపోతే?"

"పాడకపోతే గాడనే పడి ఉండనియ్యుండ్రి. నా వస్తువు బయటోళ్ళు ఒక్కలన్న పాడాలె. మీరు చెయ్యి ఎత్తినరంటే సూడుండ్రి ఇగ! ఒట్టు పెట్టండి."

"ఒట్లు పెట్టుకోవద్దని చర్చిల అయ్యగారు మొన్ననే చెప్పె గదనే."

"అయితే ఉత్తగనే ఔ అనుండ్రి."

"ఔ" అన్నాడు ఆనంద్ పాల్. ఎందుకైనా మంచిదని ఆ రోజు రెండు చేతులూ జేబుల్లోనే పెట్టుకోవాలని అప్పుడే అనుకున్నాడు.

ఇంతకీ ఏం తీసుకుపోవాలి? తొక్కా, పువ్వులా అని ప్రేమలీల పిట్టగోడ దగ్గర నిలబడి ఆలోచించింది. ఎదురుగా మొక్క ఉంది. సంఘం మొత్తంలో నిజంగా ఇంట్లో పండింది ఇదొక్కటే కదా అనిపించింది. వెంటనే గ్రూపులో రాసింది: "వచ్చే ఆదివారం మా అబిడ్స్ చర్చిల ఈ మొక్కను వేలానికి ఇస్తున్న. స్టువార్డుగారికి పేరు చెప్పాలె. జర పక్కా పేరు ఒక్కటి చెప్పండి."

గ్రూపులో నిప్పు పడింది! ఫొటో మీద ఎన్నాళ్ళైనా కొట్లాడుకోవచ్చు. అసలు మొక్కే ఎవరి చేతికో పోతే వాదన ఏం కావాలి? "నిర్ధారణ కాకముందే వేలమా? ఆధారం చేజారిపోతుంది!" అని వైశాలి రాసింది. "నేనొస్తున్న" అని ఇంద్రసేన రాశాడు. నేనూ, నేనూ అని ఇంకా చాలామంది. రెక్కలు కట్టుకుని వస్తామన్నారే గాని, చివరికి వచ్చింది ఆ ఇద్దరే. ఆన్‌లైన్‌లో వెయ్యిమంది వస్తామంటే ఇద్దరు రావడం చాలా పెద్ద లెక్క, పెళ్ళిళ్ళు చేసినవాళ్ళకు తెలుస్తుంది.

ఆదివారం ఆరాధన అయ్యింది. బల్ల మీద గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్ళు కట్టేసిన కోడిపుంజు, కృపాజ్యోతి కేకు. పక్కనే పెయింటు డబ్బా. వెనక బెంచీలో ఇంద్రసేన ఇస్త్రీ లాల్చీలో, వైశాలి మెడలో భూతద్దంతో. కేకు ఎప్పటిలాగే దద్దరిల్లే పాటకు పోయింది. తరవాత కరుణాకర్ డబ్బా పైకెత్తాడు.

"ప్రేమలీలక్క ఇచ్చిన... ఇదేం మొక్కక్కా?"

ప్రేమలీల లేచి నిలబడింది. "కుక్కతులసి అంటున్నరు. గాడిదగడప అని కూడా అంటున్నరు. ఎలుకచెవి..."

"కుక్కతులసే!" అని వెనక నుంచి ఇంద్రసేన అరిచాడు.

"కానే కాదు! గాడిదగడప!" అని వైశాలి లేచింది.

సంఘమంతా వెనక్కి తిరిగింది. మెదక్ నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ ఇది తమ ఊరి చెరువుగట్టు మీది కూర అంది. డోర్నకల్ నుంచి వచ్చిన ఒకాయన, కూరేంది, అది జ్వరానికి కషాయం అన్నాడు. ఆరాధనలో నిద్రపోయినవాళ్ళు కూడా లేచి కూర్చున్నారు. అయ్యగారి ప్రసంగానికి అంత కదలిక ఎన్నడూ రాలేదు.

కరుణాకర్ ఏళ్ళుగా వేలం పాడిస్తున్న మనిషి. గాలి ఎటు వీస్తోందో ఆయనకు ఇట్టే తెలిసిపోయింది. "కొట్లాట ఎందుకు? ఎవరు పాడితే వాళ్ళు చెప్పిందే పేరు!" అన్నాడు.

ఆహా! వృక్షశాస్త్రం ఇన్ని వందల ఏళ్ళు తలలు బద్దలు కొట్టుకున్నది దీని కోసమే కదా! పాట మొదలైంది. ఇంద్రసేన పాడితే వైశాలి పెంచింది. వైశాలి పాడితే డోర్నకల్ ఆయన పెంచాడు. పక్కన ఆనంద్ పాల్ కుడిచెయ్యి అలవాటు కొద్దీ జేబులోంచి బయటికి వస్తుంటే ప్రేమలీల లాగి తన ఒడిలో పెట్టుకుంది. పాట కేకును దాటింది! కృపాజ్యోతి మొహం చూడాలి అప్పుడు.

"మూడోసారి! సుల్తాన్ బజార్ సేటుగారికి!"

ఇంద్రసేన ముందుకొచ్చి డబ్బా ఎత్తుకున్నాడు. ఫొటో తీయించుకున్నాడు. "గిది కుక్కతులసి. ఖతం!" అని అక్కడికక్కడే గ్రూపులో పెట్టాడు. పెట్టి, డబ్బా మళ్ళీ బల్ల మీదే ఉంచాడు.

"తీస్కపోరా సేటుగారూ?"

"దుకాణంల జాగ ఏడున్నది సాబ్? దేవునికే ఇచ్చిన. మళ్ళ పాడించున్రి."

పాడుకున్న వస్తువును తిరిగి ఇచ్చి ఇంకోసారి వేలం వేయించడం ఆ వేలంలో మామూలే. కరుణాకర్‌కు పండుగ మీద పండుగ. ఈసారి వైశాలి గెలిచింది. ఆకు వెనక భాగం, ముందు భాగం, కణుపు ఫొటోలు తీసుకుంది. గాడిదగడప అని పోస్టు పెట్టింది. "మా ఫ్లాట్‌లో ఎండ రాదండీ" అని డబ్బా బల్ల మీద పెట్టేసింది. తరవాత డోర్నకల్ ఆయన గెలిచి, కషాయం పేరు చెప్పి, రైలెక్కాలి కదా అని వదిలేశాడు. చివరికి కృపాజ్యోతి కూడా పాడింది! డబ్బా పట్టుకొని సెల్ఫీ దిగి, "మా వదిన పెంచిన మొక్క" అని స్టేటస్ పెట్టింది. "బాల్కనీల వాషింగ్ మెషిన్ ఉన్నది వదినా, లేకపోతేనా..." అని తెచ్చి బల్ల మీదే దించింది.

చూశారుగా మహిమ! ప్రేమలీల కోరుకున్నదేమిటి? బయటివాళ్ళు ఒక్కరైనా పాడాలని. ఆడబిడ్డతో కలిపి నలుగురు పాడారు! ఆ ఏడు కోత పండుగలో ఆమెను మించినవారు లేరు. అయ్యగారు స్వయంగా వచ్చి వందనాలు చెప్పారు.

కరుణాకర్ ఐదోసారి డబ్బా ఎత్తాడు. "ఇగ ఆఖరుసారి! ఎవరన్నా ఉన్నరా?"

ఎవరూ లేరు. పేరు పెట్టదలచుకున్నవాళ్ళంతా పెట్టేశారు, ఫొటోలు దిగేశారు. ఇంద్రసేన తలదించుకుని గ్రూపులో జవాబులు రాస్తున్నాడు. వైశాలి అక్కడే రెండు బెంచీల అవతల కూర్చుని ఆ జవాబులకు జవాబులు రాస్తోంది. మిగతావాళ్ళు ఫ్యాన్ల వైపు చూస్తున్నారు. ఇన్ని చేతులు మారేసరికి ఒక కొమ్మ విరిగి వేలాడుతోంది. మట్టి సగం ఒలికిపోయింది. ఆకులు వడలిపోయాయి.

ప్రేమలీల ఆ కొమ్మ వైపు చూసింది. ఇందాకటి సంతోషం ఎక్కడికి పోయిందో తెలియలేదు. ఆనంద్ పాల్ రెండు చేతులూ జేబుల్లో బిగించి, పళ్ళు కరుచుకుని కూర్చున్నాడు. మాట ఇచ్చిన మనిషి కదా, పాపం.

"ఒకటోసారి... రెండోసారి..."

"నేను పాడుతున్న" అని ప్రేమలీల లేచింది.

ఇచ్చినామే పాడటమా? సంఘం ఘొల్లుమంది. కృపాజ్యోతి అందరికంటే గట్టిగా నవ్వింది. ప్రేమలీల పట్టించుకోలేదు. గబగబా నడిచివెళ్ళి డబ్బా అందుకుంది. నేల మీద ఒలికిన మట్టిని చేత్తో ఎత్తి వేళ్ళ దగ్గర అదిమింది.

ఇప్పటికైనా ఒప్పుకుంటారా? ఒక్క పేరు లేని మొక్కకు ఒక్క పూటలో నాలుగు పేర్లు, సంఘానికి ఐదు పాటల రాబడి, గ్రూపుకు వారం రోజుల మేత! పేరు తెలిసి ఉంటే ఇవన్నీ జరిగేవా? మొక్క కాస్త వాడితే వాడింది. ఇంత ఘనత జరుగుతుంటే దాహం గురించి ఆలోచించే తీరిక ఎవరికుంటుంది?

ఆటోలో డబ్బా ప్రేమలీల ఒడిలో ఉంది. ఆనంద్ పాల్ మొబైల్ తీసి గ్రూపు చూస్తున్నాడు. జవాబులు ఇంకా వస్తూనే ఉన్నాయి.

"ఇంతకు దీన్ని ఏమని పిలుద్దామే?" అన్నాడు.

"పేరు సంగతి గ్రూపోళ్ళు సూసుకుంటరు" అంది ప్రేమలీల, విరిగిన కొమ్మకు తన జేబురుమాలు చుడుతూ. "ఇల్లొచ్చినంక మీరు జర ఇన్ని నీళ్ళు పొయ్యుండ్రి."